పెన్న నీళ్ళు తాగిన గ్రామఫోను పెట్టె: ఊడిన వినీరు మరమ్మతు

2023 సంక్రాంతి దాటిన వారానికి కోవూరు వైపు నుంచి ఒక చిన్న ట్రాలీ ఆటోలో ఈ పెట్టె నెల్లూరు సంతపేటలోని మా షాపుకి వచ్చింది. దుప్పట్లు చుట్టి, నవారుతో కట్టి తెచ్చారు. వెంట డెబ్బై దాటిన అమ్మగారు, ఆమె కొడుకు. దించుతుంటే కింది అంచు నుంచి బెత్తెడు వినీరు, అంటే పైన అంటించిన పల్చటి చెక్కపొర, రాలి రోడ్డు మీద పడింది. అమ్మగారు వంగి దాన్ని తీసి, మట్టి తుడిచి, కొంగున ముడేసుకుంది. ఈ పని మొత్తంలో నాకు దారి చూపించింది ఆ బెత్తెడు ముక్కే.

నడుమెత్తు పెట్టె. పైన మూత, మూత కింద ప్లేటు తిరిగే చక్రం, పక్కన కీ తిప్పే కమ్మీ. ముందు వైపు రెండు చిన్న తలుపులు, వాటి వెనక గుడ్డ బిగించిన జాలీ, జాలీ వెనక పాట బయటికొచ్చే కొమ్ము నోరు. కింద ప్లేట్లు దాచుకునే అర. మూత లోపల గ్రామఫోను ముందు కూచుని వింటున్న కుక్క బొమ్మ. అమ్మగారి మామగారు మద్రాసులో కొన్నారట. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం గదా, నెల్లూరి వాళ్ళకి పెళ్ళిబట్టలైనా పాటల పెట్టె అయినా మద్రాసు బజారే.

కొమ్ము పెట్టె లోపలికి ఎట్లా వచ్చిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే వినీరు మరమ్మతుకీ దానికీ సంబంధం ఉంది. ఎడిసన్ 1877లో చేసిన ఫోనోగ్రాఫు గొట్టం మీద గీత గీసేది. బళ్ళపరుపు ప్లేటు 1887లో బెర్లినర్‌తో వచ్చింది, గ్రామఫోను అన్న పేరు ఆయన పెట్టిందే. చాలా ఏళ్ళు కొమ్ము బయటే ఉండేది, పెద్ద ఉమ్మెత్త పువ్వులాగా. 1906లో విక్టర్ కంపెనీ విక్ట్రోలా అనే పేరుతో కొమ్ముని పెట్టెలోకి మడిచి దించింది. అప్పటి నుంచి పెట్టె కూడా వాయిద్యంలో భాగమైంది. వీణకి కుండ ఎట్లాగో దీనికి పెట్టె అట్లా. వీణ కుండకి బీట పడితే స్వరం చెడినట్టే, పెట్టె మీద పొర ఊడి ఉంటే కొన్ని స్వరాల దగ్గర అది జిర్రుమంటుంది. ఈ పెట్టెకి ఆ జిర్రు ఉంది. అమ్మగారు మొదట చెప్పింది కూడా అదే: "చూడ్డానికి ఎట్టుండా పర్లేదు నాయనా, రాగం తీసేటప్పుడు ఈగ దూరినట్టు మోగతా ఉంది."

దెబ్బ ఎట్లా తగిలింది

2021 నవంబరులో పెన్నకి వరద వచ్చినప్పుడు వాళ్ళింట్లో మోకాలి కిందిదాకా నీళ్ళు నిలిచాయి. పెట్టె ఒక రాత్రీ పగలూ నీళ్ళలో ఉంది. తగ్గాక ఇంట్లో సామానంతా మిద్దె మీద ఎండేసినట్టే దీన్నీ ఎండలో పెట్టారు.

నీళ్ళ కంటే ఆ ఎండే ఎక్కువ చెరుపు చేసింది. ఇది లోపల గట్టి చెక్క, పైన మిల్లీమీటరు లోపు మహాగని పొర. పొరని అంటించింది తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి తీసే జిగురు. మా తాతల కాలం వడ్రంగులు వజ్రం అనేవాళ్ళు, కొందరు సరేసు అంటారు. ఈ జిగురు నీళ్ళకి నాని మెత్తబడుతుంది. అక్కడితో ఆగి, నీడన, గాలి ఆడేచోట నెమ్మదిగా ఆరితే పొర చాలావరకు ఉన్నచోటే మళ్ళీ పట్టుకునేది. ఎండలో పై పొర గంటలో ఆరి బిగుసుకుంది, లోపలి చెక్క ఇంకా నీళ్ళు తాగే ఉంది. పొర చారకి, అంటే చెక్క గీతల వరసకి, అడ్డంగా కుంచించుకుపోయి, కింది అంచు నుంచి అప్పడంలా వంకర తిరిగి లేచింది, నిలువునా చీలింది.

తర్వాత ఎవరో ఒక పనివాడు వచ్చి లేచిన చోట్ల ఫెవికాల్ పోసి, తల తీసిన సన్న మేకులు కొట్టి, మీద మెరిసే వార్నిష్ పూశాడు. నాలుగు నెలలు నిలిచిందట. వేసవి వడగాడ్పులకి మళ్ళీ లేచింది, ఈసారి మేకుల చుట్టూ పెచ్చులుగా విరిగింది. అతన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు, ఈ పని దొరికిన జిగురుతో దొరికినట్టు చేసేవాళ్ళే ఎక్కువ. కానీ పాత వజ్రం అవశేషం మీద ఫెవికాల్ సరిగా పట్టదు. మొదట ఆ జిగురు ఏదో తెలుసుకోవాలి.

అమ్మగారి కొంగులోని ముక్క అడిగి తీసుకున్నాను. వెర్నియర్ కొలబద్దతో కొలిస్తే 0.9 మిల్లీమీటర్లు. వెనక వైపు గోధుమ రంగు గాజులాంటి పెచ్చు ఉంది. వేడినీళ్ళలో ముంచిన వేలు దాని మీద నిమిషం ఆనించి తీశాను. వేలికి సన్నటి తీగ సాగింది, తోలు కాలిన వాసన. వజ్రమే.

కొడుకు ఈలోపు షాపంతా చూసి వచ్చి, "అన్నా, ఇదంతా పీకేసి సన్‌మైకా అంటిస్తే ఎంతవుద్ది?" అన్నాడు. తప్పు ప్రశ్న కాదు, రెండు రోజుల్లో అయ్యే పని అది. రాలిన ముక్కని తడిపి, కిటికీ దగ్గర వెలుగులో అటూ ఇటూ తిప్పి చూపించాను. ఒక వైపు నుంచి చూస్తే తేనె రంగు, ముక్క చివర మార్చి పెడితే చింతపండు రంగు. మహాగని నార వాలు అట్లా ఉంటుంది, వెలుగు ఎటు నుంచి పడితే అటు రంగు మారుతుంది. "ఇది మైకాలో రాదు తమ్ముడూ" అన్నాను. అమ్మగారు కొడుకు వైపు చూడనే లేదు. "ఎన్ని నెలలైనా ఉంచుకో నాయనా" అంది.

ఆరనివ్వడం, వెతకడం

మూడు వారాలు ఏమీ చేయలేదు. పెట్టెని ఇటుకల మీద లేపి, గోడకి మూరెడు దూరంగా, నీడన పెట్టాను. తేమ మీటరు పెడితే పైన 12 శాతం, అడుగున 16. రెండూ దగ్గరికి వచ్చేదాకా జిగురు డబ్బా తెరవకూడదు. మన జిల్లాలో ఇది ఇంకా ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, మే నెలలో నిప్పులు. వానల్లో అంటించిన పొర మేలో చీలుతుంది. వినీరు పని నేను జనవరి చివర మొదలుపెట్టి మార్చి అయ్యేలోపు ముగించేలా చూసుకుంటాను. వేరే నెలల్లో వచ్చిన పెట్టెలుంటే ఆగమని చెప్తాను.

ఊడిన చోట్లు కనిపెట్టడానికి గోరు చాలు. తట్టుకుంటూ పోతే అంటుకున్న చోట గట్టిగా టక్కుమంటుంది, ఊడిన చోట పొంగిన పూరీ మీద తట్టినట్టు డొల్లగా పలుకుతుంది. డొల్ల మొదలైన చోట సుద్దతో గీత గీస్తూ పోయాను. అయ్యేసరికి పెట్టె ఒంటి మీద పటం గీసినట్టయింది. ఎడమ పక్క అడుగు నుంచి పద్నాలుగు అంగుళాల ఎత్తు దాకా మొత్తం డొల్ల. కుడి పక్క మూడు బొబ్బలు, అరచేతి సైజువి. మూత మీద ఒక మూల. ముందు కింది పట్టీలో నాలుగు అంగుళాల ముక్కా ఏడు అంగుళాల ముక్కా పూర్తిగా లేవు. వెనక కుడికాలు చెద తిని స్పాంజిలా ఉంది.

కాలు సంగతి తేలిక. చెద తిన్నంతవరకూ ఏటవాలుగా కోసి, పాత టేకు ముక్క అతికాను. అది మామూలు వడ్రంగమే.

జిగురు

ముందు ఫెవికాల్ తీయాలి. ఎక్కువ రోజులు తిన్నది ఇదే. మేకులు ఒక్కొక్కటి చుట్టూ చెక్క నలగకుండా తీయడానికి రెండు రోజులు. ఫెవికాల్ ఉన్నచోట వేడి వెనిగర్‌లో తడిపిన గుడ్డపేలిక పొర కిందకి దూర్చి, అరగంట ఉంచి, తెల్లగా ఉబ్బిన జిగురుని పల్చటి పుట్టీ బ్లేడుతో గీకి తీయడం. మళ్ళీ గుడ్డ, మళ్ళీ గీకుడు. పొరని ఎంత లేపాలో అంతే లేపాలి, ఒక్క వేలిమందం ఎక్కువ లేపితే పటుక్కున విరుగుతుంది. పాత వజ్రాన్ని మాత్రం పూర్తిగా తీయనక్కర్లేదు, వేడినీళ్ళ కుంచెతో దుమ్మూ మట్టీ కడిగితే చాలు. కొత్త వజ్రం పాత వజ్రంలో కరిగి కలుస్తుంది. ఫెవికాల్ లాంటి జిగుర్లకి ఈ గుణం లేదు, నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఇదే. ఫెవికాల్ మీద ఫెవికాల్ కూడా పట్టదు.

వంకర తిరిగిన పొరని అట్లాగే అదిమితే చీలుతుంది. ముందు గోరువెచ్చని నీళ్ళు పైపైన చల్లి మెత్తబరిచి, న్యూస్ పేపర్లు మడిచి పెట్టి, పలక వేసి, బరువు పెట్టాను. పేపర్లు పూటకోసారి మార్చాను. రెండో రోజుకి పొర చదునుగా వచ్చింది, అయినా మూడు రోజులు అదిమే ఆరనిచ్చాను. తడి మీద అంటిస్తే తర్వాత కుంచించుకుని అతుకుల దగ్గర సందు ఇస్తుంది.

వజ్రం పలుకులు వంద గ్రాములకి రెండువందల మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టాలి. పొద్దునకి సగ్గుబియ్యంలా ఉబ్బుతాయి. గిన్నెలో నీళ్ళు పెట్టి, ఆ నీళ్ళలో డబ్బా పెట్టి కాచాలి, నేరుగా పొయ్యి మీద కాదు. 60 డిగ్రీల దగ్గర ఉంచుతాను. మరిగితే జిగురు బలం పోతుంది. కుంచె లేపితే సన్నటి ధారగా, తేనె కంటే పల్చగా జారాలి.

ఎడమ పక్క మొదటిసారి చెడింది. ఫిబ్రవరి చివరి వారం, పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను, ఎండెక్కకముందే అయిపోతుందని. తలుపు తెరిచి ఉంది, పెన్న గట్టు వైపు నుంచి చల్లగాలి. జిగురు రాసి, బటర్ పేపరు పరిచి, పలక ఎత్తి పెట్టి, క్లాంపులు బిగించేసరికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో వజ్రం జున్నులా గడ్డకట్టిపోయింది. మర్నాడు గోటితో తడితే అంచులు గట్టిగానే ఉన్నాయి, మధ్యలో డొల్ల.

తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె మీడియం వేడి మీద నడిపించాను. పది నిమిషాల్లో పొర మొత్తం మళ్ళీ చేతికొచ్చింది, ఒక్క నార తెగకుండా. వేరే జిగురైతే ఆ తప్పుతో పద్నాలుగు అంగుళాల పాత మహాగని చెత్తకుండీలోకి పోయేది.

రెండోసారి మధ్యాహ్నం ఒంటిగంటకి. అల్యూమినియం రేకు గంటసేపు ఎండలో పెట్టి, చేత్తో పట్టుకోలేనంత వేడెక్కాక లోపలికి తెచ్చాం. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, మా కుర్రాడు రేకు పట్టుకుంటే నేను జిగురు రాశాను. పొర మీద బటర్ పేపరు, దాని మీద వేడి రేకు, దాని మీద పలక, క్లాంపులు మధ్య నుంచి అంచులకి. అంచుల నుంచి జిగురు గుండ్లు గుండ్లుగా బయటికి వచ్చింది. జిగురు లోపల పారిందనడానికి అదే గుర్తు. ఒక రోజంతా కదిలించలేదు. తర్వాత గోరు తడితే అడుగు నుంచి పై దాకా ఒకటే టక్కు.

కుడి పక్క బొబ్బలకి వేరే పద్ధతి. సర్జికల్ బ్లేడుతో చార వెంబడి సన్నటి గాటు పెట్టి, సిరంజితో వెచ్చటి వజ్రం ఎక్కించి, వేలితో నలిపి పాకించి, ఇస్త్రీ పెట్టె మొనతో ఒకసారి వేడి తగిలించి, బరువు పెట్టడం. గాటు చారకి అడ్డం పోకూడదు, పోతే జీవితాంతం కనిపిస్తుంది. బరువుగా ఇసుక సంచులు వాడతాను, పలక కంటే ఇసుక బాగా ఒదుగుతుంది. అది పెన్న ఇసుకే. అమ్మగారు ఒకరోజు చూడడానికి వచ్చి సంచిని చేత్తో తాకి, "ఆ ఏరేనా?" అని అడిగింది. అవునన్నాను.

లేని ముక్కలు

ఇప్పుడు బజార్లో దొరికే వినీరు అర మిల్లీమీటరు. 0.9 పక్కన అది పెడితే మెట్టు వస్తుంది, మెట్టు సరిచేద్దామని పాత పొరని గరుకు కాగితంతో రుద్దితే దాని ప్రాణం పోతుంది. పాత సామాన్ల కొట్టులో విరిగిన డ్రెస్సింగ్ టేబులు సొరుగు ఒకటి దొరికింది, ముఖం మహాగని, మందం కొంచెం ఎక్కువే. తడిగుడ్డ, ఇస్త్రీ పెట్టె. అదీ వజ్రమే గనక శుభ్రంగా ఊడి వచ్చింది. కొత్తగా గీకిన ముఖం ఎర్రగా, పచ్చిగా కనిపిస్తే రంగు పూయలేదు, వారం మిద్దె మీద ఎండబెట్టాను. మహాగని వెలుగుకి ముదురుతుంది.

అతుకు నిటారుగా కోస్తే కన్ను నేరుగా అక్కడికే పోతుంది. చార వెంబడి ఏటవాలుగా, పాముతోకలా సన్నబడేలా కోశాను. కొత్త ముక్క పెట్టేముందు ఒక్కొక్కదాన్నీ రెండు వైపులా తిప్పి కిటికీ వెలుగులో చూశాను, పక్క చెక్కతో కలిసి మెరిసేలా. ఏడంగుళాల ముక్కని ఒకసారి తలకిందులుగా అంటించబోయాను, మా కుర్రాడు "అన్నా, నల్లగా కొడతంది" అని ఆపాడు. వాడి కన్ను మంచిది. అమ్మగారి కొంగులోని బెత్తెడు ముక్క దాని చోట్లో అది కూచుంది, చుట్టూ సందు లేకుండా.

పైన లక్క, లోపలా లక్కే

వెనక మూల మీద స్పిరిట్ చుక్క వేస్తే నిమిషంలో బంకైంది. అంటే అసలు పూత లక్క పాలిష్. ముందు వైపు మెరుపు వార్నిష్ స్పిరిట్‌కి లొంగలేదు. గాజు పెంకుతో నెమ్మదిగా గీకాను, కింద లక్క తగలగానే ఆపేశాను.

ఆ రోజుల్లో ప్లేట్లు చేసిందీ లక్కతోనే, రాతిపొడీ మసీ కలిపి. ఒకే పురుగు ఇచ్చిన బంక, పెట్టెకి మెరుపూ పాటకి ఒళ్ళూ అయింది. అందుకే స్పిరిట్ సీసా తెరిచిన గదిలో ప్లేట్లు ఉండనివ్వను.

లీటరు స్పిరిట్‌కి 120 గ్రాముల లక్క, తాజాగా కలిపింది. పాతబడిన లక్క ఎన్నాళ్ళైనా జిడ్డుగానే ఉంటుంది. దూది చుట్టిన నూలుగుడ్డతో, చేయి ఆగకుండా, చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోవడం. చేయి ఒక్క క్షణం ఆగినా గుడ్డ అతుక్కుని కింది పూతని లేపుకొస్తుంది. పదింటికి మొదలుపెట్టి మూడింటికి ఆపేసేవాడిని, సాయంత్రం తేమకి పూత తెల్లబారుతుంది. రోజుకి రెండు పూతలు, తొమ్మిది రోజులు. అతుకుల మీద చివరి రెండు పూతలు ముదురు రంగు బటన్ లక్కతో.

మూతలోని కుక్క బొమ్మని ముట్టుకోలేదు. స్పిరిట్ ఆవిరి తగిలినా అది కదులుతుంది. ప్లాస్టిక్ షీటు చుట్టూ టేపు వేసి కప్పేశాను, టేపు బొమ్మకి రెండంగుళాల అవతల. చివర్లో మెత్తటి కుంచెతో దుమ్ము దులిపాను, అంతే. ఒక చెవి దగ్గర పెచ్చు పోయింది. పోయినట్టే ఉంచాను.

మోటారు, అభ్రకం, ఈగ

మోటారు విప్పేముందు స్ప్రింగు పూర్తిగా వదులు చేయాలి, లేకపోతే వేళ్ళు పోతాయి. కిరసనాయిల్‌లో కడిగి గ్రాఫైటు గ్రీజు పెట్టాను. ప్లేటు కింద చిన్న కాగితం అంచు బయటికి ఉండేలా పెట్టి, గడియారం చూస్తూ నిమిషానికి 78 చుట్లు వచ్చేలా, వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు సరిచేశాను.

పిన్ను కదలికని చప్పుడుగా మార్చే సౌండ్ బాక్సులో అభ్రకం బిళ్ళ బీటలిచ్చి ఉంది. దాని కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. గూడూరు, సైదాపురం గనులు పాత నెల్లూరు జిల్లావే. సైదాపురంలో గనిలో పనిచేసిన పెద్దాయన ఒకరు మచ్చలేని పలక ఇచ్చారు, లేత ఆకుపచ్చ ఛాయ. సూదితో అంచు దగ్గర పొడిచి పొరలు విడదీసుకుంటూ పోయి, ఊదితే వణికేంత పల్చన చేసి, గుండ్రంగా కత్తిరించి, కొత్త సన్న రబ్బరు గొట్టం మధ్య బిగించాను.

కొత్త పిన్ను పెట్టి, అమ్మగారు ఇచ్చిన నాటక పద్యాల ప్లేటు వేశాను. గొంతు కిందిస్థాయిలో ఎంతో బాగుంది. రాగం పైకెక్కేసరికి మళ్ళీ ఈగ.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొరంతా మళ్ళీ గోటితో తట్టాను, ఎక్కడా డొల్ల లేదు. మర్నాడు ఒక ప్లాస్టిక్ గొట్టం చెవిలో పెట్టుకుని, ప్లేటు నడుస్తుండగా పెట్టె చుట్టూ వెతికాను. చప్పుడు జాలీ వెనక నుంచి వస్తోంది. జాలీ విప్పి టార్చి వేస్తే, చెక్కతో కట్టిన కొమ్ము కింది పలక అతుకు నాలుగంగుళాల మేర నోరు తెరిచి ఉంది. వరద నీళ్ళు అక్కడి వజ్రాన్నీ కరిగించాయి. బయట పొర మీదే కన్నుండడంతో లోపలికి చూడలేదు నేను. ఇప్పుడు గ్రామఫోను పెట్టె వస్తే మొదటి రోజే జాలీ విప్పుతాను. సిరంజి, వెచ్చటి వజ్రం, ఒక చెక్క చీల, ఒక రోజు.

మార్చి మూడో వారంలో అమ్మగారు వచ్చి కుర్చీ వేసుకుని కూచుంది. అదే ప్లేటు, కొత్త పిన్ను. పద్యం పైస్థాయికి పోయింది, రాగం సాగింది, అయిపోయింది. ఆమె ఏమీ అనలేదు. ప్లేటు తిరగేయమని చేయి చూపింది.

పంపేముందు నేను చేసే చివరి పని ఒకటుంది. ఒక గట్టి కాగితం మీద పెన్సిలుతో రాసి, ప్లేట్ల అర అడుగున అంటిస్తాను. అన్ని చోట్లా వజ్రం, తడీ వేడీ తగిలిస్తే ఊడుతుంది. ముందు పట్టీలో రెండు ముక్కలు వేరే సొరుగు నుంచి వచ్చినవి. వెనక కుడికాలు టేకు. పూత లక్క, స్పిరిట్‌కి కరుగుతుంది. ఇంకో నలభై ఏళ్ళకి దీన్ని విప్పే వడ్రంగికి ఈ నాలుగు మాటలు కావాలి. కాగితం అంటించబోతుంటే అమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, "నీళ్ళొచ్చిన నెల కూడా రాయి నాయనా" అంది. 2021 నవంబరు, పెన్న వరద అని పైన రాసి, అప్పుడు అంటించాను.